జైన ఖగోళం, జైన గణితం: తరచుగా అడిగే ప్రశ్నలు

జైనుల ఖగోళ గ్రంథాల మాట రాగానే చాలామంది ఇద్దరు సూర్యులు, ఇద్దరు చంద్రులు అన్న దగ్గరే ఆగిపోతారు. కొందరు నవ్వి వదిలేస్తారు. ఇంకొందరు ఈనాటి విజ్ఞానమంతా అందులోనే ఉందంటారు. రెండు పక్షాల వాళ్లూ పుస్తకంలోని లెక్కను మాత్రం వేసి చూడరు. ఈ గ్రంథాల విలువ ఆ లెక్కల్లోనే ఉందని నా గట్టి నమ్మకం. అందుకే వీలైన చోటల్లా అంకెలు ఇచ్చాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి.

జైన ఖగోళ గ్రంథాలంటే ముఖ్యంగా ఏవి?

జైనుల్లో శ్వేతాంబరులు, దిగంబరులు అని రెండు శాఖలు. శ్వేతాంబరుల ఆగమాల్లో, అంటే పవిత్ర గ్రంథాల్లో, ఉపాంగాలనే భాగం ఉంది. అందులోని సూర్యప్రజ్ఞప్తి, చంద్రప్రజ్ఞప్తి, జంబూద్వీపప్రజ్ఞప్తి మూడూ అర్ధమాగధి ప్రాకృతంలో ఉన్నాయి. వీటిలో సూర్యప్రజ్ఞప్తి కీలకం. అందులో 20 ప్రాభృతాలు, అంటే అధ్యాయాలు, ఉన్నాయి. ఇప్పుడు దొరుకుతున్న చంద్రప్రజ్ఞప్తి పాఠం దాదాపుగా సూర్యప్రజ్ఞప్తి పాఠమే. జ్యోతిష్కరండకం అనే ప్రాకృత గ్రంథం ఇదే లెక్కలను క్లుప్తంగా చెబుతుంది. 12వ శతాబ్దంలో గుజరాత్ ప్రాంతపు మలయగిరి సంస్కృతంలో రాసిన వ్యాఖ్యలు లేకపోతే వీటిలో చాలా చోట్ల మనకు దారి దొరకదు.

దిగంబరుల వైపు యతివృషభుడి తిలోయపణ్ణత్తి, నేమిచంద్ర సిద్ధాంతచక్రవర్తి త్రిలోకసారం ఉన్నాయి. నేమిచంద్రుడిది 10వ శతాబ్దం. శ్రవణబెళగొళలో గోమటేశ్వరుణ్ణి నిలబెట్టించిన చాముండరాయుడికి ఆయన గురువు. రెండు శాఖల వాళ్లూ గౌరవించే తత్త్వార్థసూత్రంలో మూడు, నాలుగు అధ్యాయాలు లోకస్వరూపానికే కేటాయించారు.

సూర్యప్రజ్ఞప్తి కూడా ప్రశ్నోత్తరాల పుస్తకమే. మిథిలలో మాణిభద్ర చైత్యం దగ్గర ఇంద్రభూతి గౌతముడు అడుగుతుంటే మహావీరుడు చెబుతాడు. చాలా ప్రశ్నలకు ముందు ఇతర మతాల వాళ్లు ఏమంటారో వరసగా వినిపించి, తర్వాత తన మాట చెప్పే పద్ధతి అందులో ఉంది. ఆ కాలంలో ఆకాశం గురించి జనం ఎన్ని రకాలుగా అనుకునేవారో తెలుసుకోవడానికి ఆ జాబితాలు గొప్ప ఆధారం. పరిశోధకులు వాటిని ఇంకా సరిగా వాడుకోలేదనిపిస్తుంది.

ఇద్దరు సూర్యులు ఎందుకు కావలసి వచ్చారు?

భూమి బల్లపరుపు అనుకుంటే ఆ మాట తప్పనిసరి అవుతుంది. జైన లోకచిత్రంలో జంబూద్వీపం లక్ష యోజనాల వ్యాసమున్న గుండ్రటి బిళ్ల. నడుమ మేరువు. సూర్యుడు భూమి కిందికి దిగడు, మేరువు చుట్టూ పైపైనే తిరుగుతాడు. మేరువుకు దక్షిణాన ఉన్న భరత వర్షంలో మనకు పగలైనప్పుడు, ఉత్తరాన ఉన్న ఐరావత వర్షంలోనూ పగలే. మిగతా రెండు వైపులా రాత్రి. ఒక సూర్యుడు పూర్తి చుట్టు తిరగడానికి 60 ముహూర్తాలు, అంటే రెండు రోజులు, పడుతుంది. కాబట్టి రేపు మన మీదికి వచ్చేవాడు ఈ రోజు చూసినవాడు కాదు, అవతలివాడు. ఇద్దరూ ఎప్పుడూ ఎదురెదురుగా ఉంటారు.

జంబూద్వీపాన్ని చుట్టి ఒకదాని తర్వాత ఒకటిగా ఉండే సముద్రాలకూ ద్వీపాలకూ ఇదే వరస. లవణ సముద్రం మీద 4, ధాతకీఖండం మీద 12, కాలోద సముద్రం మీద 42, పుష్కరార్ధం మీద 72 మంది సూర్యులు. జంబూద్వీపపు ఇద్దరినీ కలిపితే మనుషులుండే లోకం మొత్తానికి 132.

ఇది తప్పు చిత్రమని వేరే చెప్పక్కర్లేదు. కానీ ఒక చిత్రాన్ని నమ్ముకున్నవాళ్లు దాని పర్యవసానాలన్నింటినీ చివరిదాకా అంకెల్లో తేల్చారు. ఉత్తరాయణం, దక్షిణాయనం వివరించడానికి సూర్యుడికి 184 మండలాలు, అంటే గుండ్రటి దారులు, పెట్టారు. ఒక మండలానికీ తర్వాతి దానికీ మధ్య 2 యోజనాల ఖాళీ, సూర్యబింబం వెడల్పు 48/61 యోజనం. రెండూ కలిపితే 170/61 యోజనాలు. ఆరు నెలల్లో సూర్యుడు 183 సార్లు పక్క మండలానికి జరుగుతాడు కాబట్టి 183ను 170/61తో గుణిస్తే సరిగ్గా 510 యోజనాలు వస్తుంది. అందులో 180 జంబూద్వీపం మీద, 330 లవణ సముద్రం మీద. 61 అనే ఛేదం (హారం) ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది: 183 అంటే మూడు అరవైఒకట్లు. భిన్నం మిగలకుండా లెక్క తెగాలని ఎవరో కూర్చుని కుదిర్చారు.

చంద్రుడి గమనం లెక్క ఎలా వేస్తారు? ఒక ఉదాహరణ చూపగలరా?

నాకు అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇది.

ముందు కాలం సంగతి. ఐదేళ్లు ఒక యుగం. ఆ ఐదేళ్లలో 1,830 రోజులు. అందులో సూర్యుడు నక్షత్రచక్రాన్ని 5 సార్లు, చంద్రుడు 67 సార్లు చుట్టి వస్తారు. అమావాస్య నుంచి అమావాస్య దాకా లెక్కపెట్టే చాంద్రమాసాలు 62. సౌరమాసాలు 60 కాబట్టి అధికమాసాలు రెండు. అవి ఎప్పుడూ పుష్యం, ఆషాఢం దగ్గరే వస్తాయి. యుగం మొదలయ్యేది శ్రావణ బహుళ పాడ్యమి నాడు, చంద్రుడు అభిజిత్తు అనే నక్షత్రంలో ఉండగా. అక్కడి నెలలు పౌర్ణమితో ముగుస్తాయి. మన తెలుగు పంచాంగం ప్రకారం చూస్తే అది ఆషాఢ బహుళ పాడ్యమి.

ఇక ఆకాశం సంగతి. పూర్తి చుట్టును 1,09,800 భాగాలు చేస్తారు. నక్షత్రాలు కూడా జంటలే కాబట్టి ఒక వరస నక్షత్రాలకు అందులో సగం, 54,900 భాగాలు. ఒక ముహూర్తంలో, అంటే 48 నిమిషాల్లో, చంద్రుడు 1,768 భాగాలు, సూర్యుడు 1,830 భాగాలు, నక్షత్రాలు 1,835 భాగాలు నడుస్తాయి.

నక్షత్రాలకూ చంద్రుడికీ తేడా 67. కాబట్టి చంద్రుడు ఒక వరస నక్షత్రాలను దాటడానికి 54,900ను 67తో భాగించాలి. 819 ముహూర్తాలు, పైన 27/67 వస్తుంది. రోజుకు 30 ముహూర్తాలు కాబట్టి అది 27 రోజుల 9 ముహూర్తాల పైచిలుకు. ఈనాటి కొలత కన్నా సుమారు 12 నిమిషాలు మాత్రమే తక్కువ. నక్షత్రాలకూ సూర్యుడికీ తేడా 5. 54,900ను 5తో భాగిస్తే 10,980 ముహూర్తాలు, అంటే 366 రోజులు. సూర్యుడికీ చంద్రుడికీ తేడా 62. దానితో భాగిస్తే చాంద్రమాసం 29 రోజుల 32/62 వస్తుంది.

వేగాలను మళ్లీ ఒకసారి చూడండి. 1,830 అన్నది యుగంలోని రోజుల సంఖ్య. దానికి సూర్యుడి చుట్లు 5 కలిపితే 1,835, చాంద్రమాసాలు 62 తీసేస్తే 1,768. ఇవి ఆకాశంలో విడివిడిగా కొలిచిన వేగాలు కావు. యుగం లెక్క నుంచి వెనక్కి కట్టిన వేగాలు. బల్లపరుపు లోకచిత్రంలోకి ఐదేళ్ల పంచాంగాన్ని ఒక్క చుక్క ఒలకకుండా దింపారు.

28 నక్షత్రాలేమిటి? మన పంచాంగంలో 27 కదా?

పై లెక్కలోనే జవాబుంది. చంద్రుడు ఒక పూర్తి రోజులో నడిచేది 67ను 30తో గుణించిన 2,010 భాగాలు. అలాంటివి 27 అయితే 54,270. మొత్తం 54,900లో ఇంకా 630 భాగాలు మిగులుతాయి. ఆ మిగులే అభిజిత్తు. మిగతా 27 కూడా సమానం కావు. భరణి, ఆర్ద్ర, ఆశ్లేష, స్వాతి, జ్యేష్ఠ, శతభిషం అరరోజు నక్షత్రాలు. రోహిణి, పునర్వసు, విశాఖ, మూడు ఉత్తరలు ఒకటిన్నర రోజువి. తక్కినవి ఒక్కో రోజువి. కలిపి చూస్తే అంకె సరిగ్గా తెగుతుంది.

ఏడాదిలో అతి పెద్ద పగలు 18 ముహూర్తాలు, ఆ నాటి రాత్రి 12 అంటారు. ఇది ఏ ఊళ్లో కొలిచింది?

పండితులు నూరేళ్లకు పైగా వాదించుకుంటున్న ప్రశ్న ఇది. 18 ముహూర్తాలంటే 14 గంటల 24 నిమిషాలు. హైదరాబాద్‌లో అతి పెద్ద పగలు 13 గంటలకు కాస్త ఎక్కువ. పట్నాలోనూ 14 గంటలకు చేరదు. అంత పొడుగు పగలు చూడాలంటే 35 డిగ్రీల అక్షాంశం దాకా, కాశ్మీరం ఉత్తరపు అంచుకు, పోవాలి. వేదాంగ జ్యోతిషంలోనూ ఇదే నిష్పత్తి. బాబిలోనియా లెక్కల్లోనూ ఇదే కనిపిస్తుంది. 1973లో అమెరికా చరిత్రకారుడు డేవిడ్ పింగ్రీ ఈ ఆధారంతోనే భారత తొలి గణిత ఖగోళం మెసొపొటేమియా నుంచి వచ్చిందని వాదించారు. భారతీయ పండితులు చాలామంది ఒప్పుకోలేదు.

నన్ను ఒప్పించింది జపాన్ పండితుడు యుకియో ఒహాషి చూపిన దారి. పగలు రోజుకు 2/61 ముహూర్తం చొప్పున, అంటే సుమారు ఒకటిన్నర నిమిషం చొప్పున, పెరుగుతుందని సూర్యప్రజ్ఞప్తి అంటుంది. ఏడాది పొడవునా ఒకే వేగం. నిజానికి పగలు అలా పెరగదు. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల దగ్గర వేగంగా, అయనాల మలుపు దగ్గర చాలా నెమ్మదిగా మారుతుంది. ఎవరైనా విషువత్తు చుట్టుపక్కల రోజుల్లో కొలిచి, అదే వేగాన్ని 183 రోజులకూ పొడిగిస్తే, మలుపు దగ్గరికి వచ్చేసరికి పగలు అసలు కన్నా పెద్దదిగా తేలుతుంది. విషువత్తు దగ్గర రోజుకు ఒకటిన్నర నిమిషం పెరిగే చోటేదో లెక్క కట్టి చూస్తే గంగా మైదానపు అక్షాంశాలే వస్తాయి. కాశ్మీరానికో బాబిలోనియాకో వెళ్లనక్కర్లేదు. దీంతో బాబిలోనియా సంబంధం లేదని రుజువైపోదు. అయితే 3:2 అనే ఒక్క నిష్పత్తి మీద అంత పెద్ద నిర్ణయం నిలబడదు.

సర్వం వదిలిన సాధువులకు ఈ లెక్కలతో పనేమిటి?

రోజువారీ పని. జైన సాధువు పగటిని నాలుగు పోరిసులుగా, అంటే జాములుగా, పంచుకుని స్వాధ్యాయం, ధ్యానం, భిక్ష అన్నీ వేళ ప్రకారం చేయాలి. ఉత్తరాధ్యయన సూత్రం 26వ అధ్యాయం దీనికి నీడ కొలత ఇస్తుంది. మొదటి పోరిసి ముగిసే వేళ ఆషాఢంలో నీడ 2 పాదాలు, పుష్యంలో 4 పాదాలు, చైత్రంలోనూ ఆశ్వయుజంలోనూ 3 పాదాలు. వారానికి ఒక అంగుళం, పక్షానికి రెండు, నెలకు నాలుగు అంగుళాల చొప్పున పెరిగి తరుగుతుంది. పాదానికి 12 అంగుళాలు కాబట్టి ఆరు నెలల్లో 24 అంగుళాలు, అంటే రెండు పాదాలు. లెక్క కుదిరింది.

దీనికి గడియారం అక్కర్లేదు, పరికరం అక్కర్లేదు. ఊరూరా నడిచిపోయే మనిషి ఎండలో నిలబడి చూసుకోగల పద్ధతి. చాతుర్మాస్యం ఎప్పుడు మొదలవ్వాలి, పర్యుషణం అనే ఏటేటి పండుగ ఏ తిథికి రావాలి అన్నవి కూడా ఈ లెక్కల మీదే ఆధారపడ్డాయి. ఖగోళం జైనులకు ఆచారంలో భాగం. అందుకే ఆగమాల్లోకి ఎక్కింది.

గ్రహణాల గురించి ఏమన్నారు?

రాహువు ఇద్దరు. నిత్యరాహువు రోజుకు పదిహేనో వంతు చొప్పున చంద్రుణ్ణి కప్పుతూ విప్పుతూ కళలు కలిగిస్తాడు. పర్వరాహువు గ్రహణాలు కలిగిస్తాడు. చంద్రగ్రహణానికీ తర్వాతి దానికీ మధ్య తక్కువలో తక్కువ 6 నెలలు, ఎక్కువలో ఎక్కువ 42 నెలలు. సూర్యగ్రహణానికి తక్కువలో తక్కువ 6 నెలలు, ఎక్కువలో ఎక్కువ 48 ఏళ్లు. కారణం పురాణం లాంటిదే అయినా, గ్రహణాల మధ్య 6 నెలల ఎడం అనేది చూసి తెలుసుకున్న సంగతే.

జంబూద్వీపం చుట్టుకొలత గురించి అంత చర్చ ఎందుకు?

లక్ష యోజనాల వ్యాసానికి చుట్టుకొలత 3,16,227 యోజనాల 3 క్రోశాల 128 ధనుస్సుల 13½ అంగుళాలు, ఇంకొంచెం అని గ్రంథాలు చెబుతాయి. యోజనానికి 4 క్రోశాలు, క్రోశానికి 2,000 ధనుస్సులు, ధనుస్సుకు 96 అంగుళాలు. వ్యాసాన్ని 10 వర్గమూలంతో గుణించడం వాళ్ల పద్ధతి.

ఇప్పుడు క్యాలిక్యులేటర్‌తో 10 వర్గమూలం తీసి ఇదే లెక్క చేయండి. యోజనాలు, క్రోశాలు, ధనుస్సులు అన్నీ కలుస్తాయి. అంగుళాల దగ్గర మాత్రం 13కు కొంచెం తక్కువ వస్తుంది. గ్రంథంలో 13½కు పైన ఉంది. తేడా ఎక్కడిది? వాళ్లు వర్గమూలం తీసిన తీరులో ఉంది. 3,16,227ను వర్గం చేస్తే పదివేల కోట్లకు 4,84,471 తక్కువ పడుతుంది. ఆ మిగులును మూలానికి రెట్టింపైన 6,32,454తో భాగించి కలపడం పాత పద్ధతి. అలా చేసి క్రోశాలుగా, ధనుస్సులుగా విడగొట్టుకుంటూ పోతే చివర 13.6 అంగుళాలు తేలుతుంది. గ్రంథం చెప్పిన "13½, ఇంకొంచెం" సరిగ్గా అదే.

లక్షల యోజనాల లెక్కలో ఒక్క అంగుళం కూడా లేని తేడా, రెండు వేల ఏళ్ల కిందటి గణకుడి చేతి పద్ధతిని మనకు పట్టి ఇస్తోంది. ఆర్.సి. గుప్తా లాంటి గణితచరిత్రకారులు చేసింది ఇలాంటి పని. ఆ అంకె ఘనంగా ఉందని మెచ్చుకుని ఊరుకుంటే ఇది ఎవరికీ దొరికేది కాదు.

వరాహమిహిరుడు, బ్రహ్మగుప్తుడు జైనులను ఖండించారట, నిజమేనా?

నిజమే. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో సూటిగా అడిగాడు: ఇద్దరు సూర్యులు వంతులవారీగా ఉదయిస్తే, సూర్యుడి నుంచి ధ్రువుడి దాకా గీసిన గీత ఒక్క రోజులోనే చుట్టు ఎలా తిరిగి వస్తోంది? బ్రహ్మగుప్తుడు, తర్వాత భాస్కరాచార్యుడు కూడా విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదే. జైన లోకచిత్రంలో దానికి సరైన జవాబు లేదు.

366 రోజుల ఏడాదికి ఇంకో ఇబ్బంది ఉంది. ఒక్క యుగంలోనే ఋతువుల లెక్క సుమారు 4 రోజులు తప్పుతుంది. ఇరవై ఏళ్లకు అర నెల. దిద్దుబాటు లేకుండా దీన్ని ఎవరూ ఎక్కువ కాలం వాడి ఉండలేరు.

మరి తర్వాతి జైన పండితులు పాత లెక్కలనే పట్టుకుని కూర్చున్నారా?

లేదు. చాలామందికి తెలియని కథ ఇది. 1370లో మహేంద్రసూరి అనే శ్వేతాంబర జైనుడు యంత్రరాజం రాశాడు. ఆయన భృగుపురం, అంటే నేటి భరూచ్, వాడు. మదనసూరి శిష్యుడు. ఢిల్లీలో ఫిరోజ్ షా తుగ్లక్ ఆదరణలో ఉండి, పర్షియా పండితులు సూర్యుడి, నక్షత్రాల ఎత్తు కొలవడానికి వాడే ఆస్ట్రోలేబ్ అనే పరికరం గురించి సంస్కృతంలో తొలి గ్రంథం రాశాడు. అందులో 32 నక్షత్రాల పట్టిక ఉంది. ఆయన శిష్యుడు మలయేందుసూరి వ్యాఖ్య రాశాడు. ఆస్ట్రోలేబ్ గోళాకారపు ఆకాశం మీద ఆధారపడ్డ పరికరం. జైన లోకచిత్రం బల్లపరుపుదైనా, మహేంద్రసూరి చేతి పనికి గోళాన్ని వాడుకున్నాడు.

ఇంకొంచెం ముందు, అలాఉద్దీన్ ఖిల్జీ టంకశాలలో నాణేల పరీక్షాధికారిగా ఉన్న జైనుడు ఠక్కుర ఫేరూ 1315లో జ్యోతిషసారం, 1318లో నాణేల మీద ద్రవ్యపరీక్ష రాశాడు. ఆయన గణితసారకౌముదిని శ్రీరాముల రాజేశ్వర శర్మ, తకావో హయాషి తదితరులు కలిసి పరిష్కరించి 2009లో ప్రచురించారు. మన దేశపు ఖగోళ పరికరాల మీద రాజేశ్వర శర్మ చేసిన పని ఈ రంగంలో అడుగుపెట్టే ఎవరికైనా తప్పనిసరి.

భద్రబాహుడు, వరాహమిహిరుడు అన్నదమ్ములా?

కాదు. మధ్యయుగపు జైన కథల్లో అలా ఉంది. వరాహమిహిరుడు 6వ శతాబ్దం వాడు. శ్రుతకేవలి, అంటే ఆగమాలన్నీ తెలిసినవాడు, అని పేరున్న భద్రబాహుడు క్రీస్తుకు పూర్వం వాడు. రెండు సంప్రదాయాల మధ్య పోటీ నుంచి పుట్టిన కథ అది.

ఈ గ్రంథాల మీద ఆధునిక పరిశోధన ఎలా మొదలైంది?

1868లో ఆల్‌బ్రెక్ట్ వెబర్ జర్మన్‌లో సూర్యప్రజ్ఞప్తి మీద పెద్ద వ్యాసం రాశారు. 1880లో జార్జ్ థీబో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆ లెక్కలను విప్పి చూపారు. తర్వాత సుధాకర ద్వివేదితో కలిసి పంచసిద్ధాంతికను అచ్చువేసింది కూడా ఆయనే. 1937లో కోల్ సూర్యప్రజ్ఞప్తి పాఠచరిత్ర రాశారు. 1929లో విభూతిభూషణ దత్తా జైన గణితం మీద రాసిన వ్యాసంతో ఈ రంగం గణితచరిత్రకారుల కంటపడింది. తర్వాతి తరంలో లక్ష్మీచంద్ర జైన్ దిగంబర గ్రంథాల గణితం మీద, సజ్జన్ సింగ్ లిష్క్ జైన ఖగోళం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. లిష్క్ పుస్తకం 1987లో వచ్చింది.

పరిశోధన కన్నా ముందు పుస్తకాలు బయటికి రావాలి. జైసల్మేర్, పాటణ ఊళ్ల జైన గ్రంథ భండారాల్లోని తాళపత్రాలను ముని పుణ్యవిజయజీ వెతికి, సరిచూసి, జాబితాలు కట్టారు. దక్షిణాన కర్ణాటకలోని మూడబిద్రి కథ ఇంకా గొప్పది. దిగంబరుల ప్రాచీన గ్రంథం షట్ఖండాగమం మీద వీరసేనుడు 9వ శతాబ్దం తొలినాళ్లలో పూర్తిచేసిన ధవళ వ్యాఖ్య, పాత కన్నడ లిపిలోని తాళపత్రాల మీద, అక్కడి బసదిలోనే, అంటే జైన దేవాలయంలోనే, ఉండిపోయింది. భక్తులకు దర్శనం తప్ప చదవడం లేదు. నకళ్లు ఉత్తరాదికి చేరాక హీరాలాల్ జైన్ 1939 నుంచి 16 సంపుటాలుగా ప్రచురించారు. తిలోయపణ్ణత్తిని ఎ.ఎన్. ఉపాధ్యే, హీరాలాల్ జైన్ కలిసి షోలాపూర్ నుంచి 1943, 1951లలో తెచ్చారు. ఈ పరిష్కర్తల పీఠికలు చదవకుండా ఈ గ్రంథాల గురించి రాయకూడదంటాను.

సున్నాను మొదట రాసింది జైనులే అంటారు. లోకవిభాగం అందుకు రుజువా?

జాగ్రత్తగా చెప్పాల్సిన విషయం. లోకస్వరూపాన్ని వర్ణించే దిగంబర గ్రంథం లోకవిభాగంలో 13,10,72,00,000 అనే సంఖ్యను స్థానాల వరసలో, సున్నాకు మాట వాడి చెప్పారు. గ్రంథం చివర తేదీ ఉంది: శక సంవత్సరం 380, కంచి రాజు సింహవర్మ 22వ పాలనా సంవత్సరం. శని ఉత్తరాషాఢలో, గురుడు వృషభంలో, చంద్రుడు ఉత్తరఫల్గుణిలో ఉన్నారని కూడా రాశారు. లెక్క కడితే క్రీ.శ. 458 ఆగస్టు వస్తుంది.

అయితే ఆ తేదీ సర్వనంది ప్రాకృత మూలానిది. మన చేతికి వచ్చింది సింహసూరి తర్వాతి కాలంలో చేసిన సంస్కృత రూపం. ఆ సంఖ్యను అలా చెప్పింది సర్వనందా, సింహసూరా అన్నది తేల్చడం కష్టం. ప్రాకృత మూలం దొరకలేదు. అందుకని "458 నాటి తిరుగులేని రుజువు" అని రాయకండి. "458 నాటి మూలం మీద ఆధారపడ్డ గ్రంథంలో ఉంది" అనండి. మాట కొంచెం తగ్గుతుంది, నిజం నిలబడుతుంది.

లాగరిథమ్‌లు, అనంతాలు జైనులు ముందే కనిపెట్టారన్న మాట సరైనదేనా?

కొంత సరైనదే. ధవళలో అర్ధచ్ఛేదం అనే భావన ఉంది. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయవచ్చో ఆ లెక్క. 16కు 4, 32కు 5. ఇది రెండు ఆధారంగా ఉన్న లాగరిథమే. దాని నియమాలు కూడా వీరసేనుడికి తెలుసు. అనుయోగద్వార సూత్రంలో మనుషుల సంఖ్యను రెండును 96 సార్లు గుణించి చెప్పి, దానికి 29 స్థానాలన్నారు. వేసి చూడండి, సరిగ్గా 29 అంకెలే వస్తాయి. లెక్కించదగినవి, లెక్కించలేనివి, అనంతాలు అని సంఖ్యలను మెట్లు మెట్లుగా విడగొట్టడం నిజంగా ధైర్యమైన ఆలోచన.

కానీ గుణకారాలను సులువు చేసే పట్టికలుగా వాళ్లు లాగరిథమ్‌లను వాడలేదు. అనంతాల మెట్లు, అనంతాల్లోనూ పెద్దాచిన్నా ఉన్నాయని నిరూపించిన జర్మన్ గణితవేత్త కాంటర్ సిద్ధాంతంతో సమానం కావు. ఉన్నది చాలా గొప్పది. లేనిది తగిలించి దాన్ని చిన్నబుచ్చకూడదు.

తెలుగుకు వీటితో సంబంధం ఉందా?

ఉంది, అదీ చాలా దగ్గరిది. రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. మొదట్లోనే గణితం ఎందుకో చెబుతూ సూర్యచంద్రుల గతులు, గ్రహణాలు, ద్వీపసముద్రాల కొలతలు అన్నీ పేర్కొంటాడు. ఋణసంఖ్యకు వర్గమూలం ఉండదని స్పష్టంగా చెప్పినవాడు. సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నది మాత్రం ఆయన పొరపాటు. 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య దీన్ని ఆంగ్లానువాదంతో అచ్చువేశారు.

దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగులో తొలి గణిత గ్రంథం అదే. ఎక్కువమంది ఆయన్ని 11వ శతాబ్దంలో పెడతారు. రాజరాజ నరేంద్రుడి దగ్గర నవఖండవాడ అగ్రహారం పొందింది ఈయన కాదు, ఇదే పేరున్న ఈయన తాత అన్న వాదాన్ని బట్టి కొందరు తర్వాతికి జరుపుతారు. మహావీరాచార్యుడు జినుడికి మొక్కి మొదలుపెడితే, మల్లన శివభక్తుడు. జైన సంప్రదాయపు ప్రస్తావనలు తీసేసి వాటి స్థానంలో శైవ ప్రస్తావనలు పెట్టాడు. లెక్క నిలిచింది, దేవుడు మారాడు. వేములవాడ, కొలనుపాక, కుర్క్యాల లాంటి చోట్ల జైనం బలంగా ఉన్న నేల మీద, అది వెనక్కి తగ్గుతున్న రోజుల్లో జరిగిన అనువాదం కాబట్టి ఇది గణితచరిత్రకే కాదు, మన సమాజ చరిత్రకూ సాక్ష్యం.

ఏ భాషలు తెలియాలి? తెలుగువాళ్లు చేయదగిన పని ఏమైనా ఉందా?

సంస్కృతం కొంత, ప్రాకృతం కొంత తప్పవు. మలయగిరి వ్యాఖ్య సంస్కృతంలో ఉండటం వల్ల అటునుంచి ప్రాకృతంలోకి వెళ్లడం సులువు. హిందీ వస్తే చాలా సంచికలు అందుబాటులోకి వస్తాయి. పదో తరగతి గణితం సరిపోతుంది, ఓపిక మాత్రం అంతకన్నా ఎక్కువ కావాలి. ఎవరో రాసిన సారాంశంతో మొదలుపెట్టకండి. ఒక్క అంకె పట్టుకుని, అది ఎలా వచ్చిందో తేలేదాకా వదలకండి.

తెలుగు వచ్చినవాళ్లకే సాధ్యమయ్యే పని ఒకటి ఉంది. మహావీరాచార్యుడి శ్లోకాలనూ మల్లన పద్యాలనూ పక్కపక్కన పెట్టి, లెక్క లెక్కకూ సరిచూడాలి. ఏ ఉదాహరణ అలాగే ఉంచాడు, దేన్ని వదిలాడు, జినాలయానికి తెచ్చిన పూల లెక్క ఎక్కడైనా శివాలయపు లెక్క అయిందా, కొలతలూ నాణేలూ వేంగి వాడుకకు మార్చాడా, సొంతంగా చేర్చినవేవి? రాజేశ్వర శర్మ 1987లో పావులూరి గణితం మీద రాసిన వ్యాసం ఇందుకు దారి వేసింది. పద్యం చదివి లెక్క వేయగల గణితం మాస్టారు ఒకరు, సంస్కృతం తెలిసిన తెలుగు మాస్టారు ఒకరు కలిసి కూర్చుంటే ముందు భిన్నాల అధ్యాయంతో మొదలుపెట్టవచ్చు.